కట్టడపు వెలయు, విలువయు

ఇల్లు కట్టదలచినవారికి అంచనా కాగితము చేతికి వచ్చిన దినము కొంచెము గడ్డు దినమే. చేతిలోనున్న సొమ్మొకటి, కాగితముమీద తేలిన మొత్తమొకటి. ఆ సాయంకాలము ఇంటి యజమానియు మేస్త్రియు అరుగుమీద కూర్చుండి, కలము చేతబట్టి, కొట్టివేతలు ప్రారంభింతురు. సజ్జలు రెండడుగులనుండి అడుగున్నరకు తగ్గును. పునాది మట్టము ఒక అడుగు దిగును. వంటింటి అలమార యొకటి పోవును. శ్లాబులో ఇనుము కొంచెము పలుచబడును. రంగు రెండు పూతలకు బదులు ఒక పూతతో సరిపెట్టబడును. దీపాలవేళకు మొత్తము చేతిలోని సొమ్మునకు దగ్గరగా వచ్చును. ఇరువురును తృప్తితో లేతురు. కొట్టివేసిన వాటిలో ఏది ఇంటికి హాని చేయును, ఏది చేయదు అను ప్రశ్న మాత్రము ఆ అరుగుమీద ఎవ్వరి నోటను వచ్చియుండదు.

ఈ తంతు ఇండ్లకే పరిమితము కాదు. ఆనకట్టలకు, వంతెనలకు, ఆసుపత్రులకు కూడ అంచనాలు పెరుగుచునే యుండును, కలములు కదలుచునే యుండును. ఆ పనిని ఒక క్రమమున చేయుటకు ఏర్పడిన విద్యకు వాల్యూ ఇంజనీరింగు అని పేరు. అసలు ఈ కట్టడము ఎందులకు, ఎవరికొరకు అను ప్రశ్నతో మొదలుపెట్టి, కట్టుబడి ముగియువరకు ఆ దృష్టిని నిలుపుకొనుటకు వాల్యూ మేనేజిమెంటు అని పేరు. ఈ ప్రసంగమున రెంటిని కలిపి విలువ విద్య అని పిలుచుకొందము.

వెల, విలువ అని మనకు రెండు మాటలు వేరువేరుగా నుండుట మంచిదైనది. వెల యనగా మనము చెల్లించునది. విలువ యనగా ఆ వస్తువు మనకు చేసిపెట్టు పనినిబట్టి దానికి కలుగు యోగ్యత. పని తగ్గకుండ వెల తగ్గినచో లాభము. వెలతోపాటు పనియు తగ్గినచో దానిని పొదుపు అనరాదు, సరుకు మారినదన్నమాట. సంతలో గుమ్మడికాయ కొనువారికి సైతము తెలిసిన ఈ భేదము కోట్ల రూపాయల కట్టడముల దగ్గర తరచు మరుపునకు వచ్చును. అందుచేతనే దీని కొక విద్య కావలసివచ్చెను.

దీని పుట్టుక కొనుగోళ్ల కచేరీలో. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో కర్మాగారములకు కావలసిన లోహములు, ముడిసరుకులు దొరకుట గగనమైపోయెను. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కొనుగోళ్లు చూచుచున్న లారెన్స్ మైల్స్ అను ఇంజనీరు, అడిగిన వస్తువు దొరకనప్పుడు, అడుగు తీరును మార్చెను. ఫలాని వస్తువు కలదా అని అడుగుట మాని, ఫలాని పని చేసిపెట్టు వస్తువేదైన కలదా అని అడుగసాగెను. అట్లు దొరికిన బదులు వస్తువులు అనేక పర్యాయములు మొదటివానికంటె చౌకగా నుండెను; కొన్ని మెరుగుగా కూడ నుండెను. కరవు కాలపు ఉపాయమునకు ఇంత ఫలమున్నచో, కలిమి కాలమున దానిని విడుచుట ఏల? యుద్ధానంతరము 1947లో ఆ కంపెనీలోనే ఆయన ఈ ఆలోచనను ఒక పద్ధతిగా మలచుటకు పూనుకొనెను. మొదట దానికి విలువ విశ్లేషణము అని పేరు.

ఈ విద్య నేర్పువారు తరచు చెప్పు కథ యొకటి కలదు. ఆ కంపెనీలో రంగు వేయు చోట, రంగు చుక్కలు నేలపై పడి నిప్పంటుకొనకుండ, ఆస్‌బెస్టాస్ రేకు పరచవలెనని నిబంధన. ఆస్‌బెస్టాస్ దొరకలేదు. సరుకు సరఫరా చేయువాడొకడు, అది మీకు ఎందులకు అని అడిగి, పని యేదో తెలిసికొని, మంట అంటని యొక కాగితమును చూపెను. అది చౌక, సులభముగా దొరకునది. కాని అగ్నిభయ నివారణ నిబంధనలలో ఆస్‌బెస్టాస్ అని పేరు వ్రాసియుండుటచేత, పని నెరవేర్చు కాగితము పేరు లేని నేరమునకు వెలుపల నిలువవలసివచ్చెను. నిబంధన మారుటకు కొంతకాలము పట్టెను. ఆస్‌బెస్టాస్ నూలు పీల్చినవారి ఊపిరితిత్తులను చెరుచునని లోకమునకు దృఢపడిన పిమ్మట, ఆ కాగితపు విలువ ఇంకను పెరిగినదని మేమందుము.

ఈ కథలోని యుక్తి యంతయు ఒక చిన్న అభ్యాసములో కలదు. కట్టడములోని ప్రతి భాగమును తీసికొని, అది చేయు పనిని రెండు మాటలలో చెప్పవలెను: ఒక నామవాచకము, ఒక క్రియ. దూలము బరువు మోయును. కిటికీ వెలుతురు నిచ్చును. సజ్జ వానను ఆపును. గొట్టము నీటిని తెచ్చును. రెండు మాటలలో చెప్పలేకపోయినచో, ఆ భాగము అక్కడ ఎందులకున్నదో మనకు తెలియదన్నమాట. ఆ మీదట ఇందులో ముఖ్యమైన పని యేది, వెంట వచ్చు పని యేది అని విడదీయవలెను. అందమును కూడ ఈ విద్య కాదనదు. కంటికి ఇంపుగా నుండుట ఒక పనియే. వీధి వాకిట ఏనుగు బొమ్మలు నిలుపుకొనువారు నిలుపుకొనవచ్చును. వాటి పని అందమని ఒప్పుకొని, ఆ యందమునకు ఇంత సొమ్మని లెక్క వ్రాసికొన్నచో చాలును. అందమునకు పెట్టిన ఖర్చును బలమునకు పెట్టితిమని భ్రమించుటయే చిక్కు.

అమెరికా నౌకాదళమువారు 1954లో ఈ పద్ధతిని చేపట్టి వాల్యూ ఇంజనీరింగు అను పేరును వ్యాప్తికి తెచ్చిరి. 1960వ దశకమున ఆ దేశపు సైనిక ఇంజనీర్ల దళము దీనిని కట్టడపు ఒప్పందములలో ప్రవేశపెట్టెను. 1995లో చేసిన చట్టము మూలమున, కేంద్రప్రభుత్వ ధనముతో వేయు పెద్ద రహదారులకు ఈ పరీక్ష విధాయకమయ్యెను. 2012లో ఆ పరిమితిని జాతీయ రహదారులకు 5 కోట్ల డాలర్లుగను, వంతెనలకు 4 కోట్ల డాలర్లుగను సవరించిరి. మన దేశమున 1977లో ఇండియన్ వాల్యూ ఇంజనీరింగ్ సొసైటీ ఏర్పడినది.

పరీక్ష జరుగు తీరు వినదగినది. నక్షా తయారుచేసినవారు గాక, వేరు ఇంజనీర్లు, లెక్కలవారు, కట్టడమును రేపు వాడుకొనబోవువారు, దానిని మరమ్మతు చేయుచుండవలసినవారు ఒకచోట కూడుదురు. నలువది గంటలు, అనగా వారమునకు పనిదినము లైదు, దీనికి సాధారణముగా కేటాయింతురు. మొదట విషయ సేకరణ. పిదప పనుల విభజన. ఆ తరువాత బదులు మార్గములు వెదకుట. ఈ మూడవ ఘట్టమున ఒక నియమము కలదు: ఎవరేమి చెప్పినను వ్రాసికొనవలెనే గాని, అది కుదరదని అప్పుడే అనరాదు, నవ్వరాదు. మన సభలలో ఈ నియమమును పాటింపగలవారు ఎందరుందురో మేము చెప్పజాలము. తూకము వేయుట, లెక్క కట్టుట, యజమానికి నివేదించుట తరువాతి ఘట్టములు. నక్షా మూడవవంతు పూర్తియైన దశలో ఈ పరీక్ష చేయుట మేలందురు. అప్పటికి చర్చించుటకు తగిన వివరము చేతిలోనుండును. మార్చుటకు చెరపవలసినది గీతయే. పునాదులు లేచిన తరువాత అదే మార్పునకు గునపము కావలెను.

పేరు క్రొత్తదైనను ప్రశ్న పాతదే. గోదావరికి ధవళేశ్వరము దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టిన ఆర్థర్ కాటన్ ఎదుట నిలిచిన చిక్కు చూడుడు. అచ్చట నది సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. అడుగున రాయి లేదు, ఎంత త్రవ్వినను ఇసుకయే. నీటికి అడ్డముగా గోడ కట్టవలెనన్నచో గట్టి నేల తగులువరకు పునాది దింపవలెనను పాఠమునే పట్టుకొన్నచో, ఆ ఖర్చునకు ఏ ప్రభుత్వమును ఒప్పుకొనదు. కాని ఆ కట్టడము చేయవలసిన పని యేమి? నీటిని నిలువచేయుట కాదు. వేసవికి ముందు కాలువలలోనికి ఎక్కునంతగా నీటి మట్టమును లేపుట. వరద వచ్చినప్పుడు నది కట్టమీదుగా దుమికి పోవచ్చును; పోవలెను కూడ. అంతకు ముందు కాటన్ కావేరిమీది పురాతనమైన కల్లణను శ్రద్ధగా చూచియుండెను. లోతు తెలియని ఇసుకపై రాళ్లను పేర్చి నిలిపిన ఆ తమిళ పనివారి యుక్తి తనకు గురువని ఆయన ఒప్పుకొన్న విషయము ప్రసిద్ధము.

ధవళేశ్వరమున ఆయన లోతునకు పోక వెడల్పును నమ్ముకొనెను. దగ్గరి కొండ రాయి చేతికందుచుండెను. నది నడుమ లంకలుండెను; వాటిని విడిచి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టినందున, నాలుగు మైళ్ల నదికి రెండుంబాతిక మైళ్ల కట్టుబడితో సరిపోయెను. లంక తానే అడ్డుకట్ట పని చేయుచుండగా దాని యెదుట మరల గోడ యేల? 1852నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. దిగువ విడిరాళ్ల పరుపును వరదలు కదల్చుచుండును గాన దానిని కనిపెట్టి సరిచేయుచుండవలెను. ఆ ఖర్చు ఏటేట తప్పనిది. అట్లుండియు, క్రొత్త బ్యారేజి వచ్చువరకు, రమారమి నూటముప్పది సంవత్సరములు ఆ కట్టయే గోదావరి డెల్టాకు నీరందించెను. మొదటి ఖర్చును, ఏటేటి ఖర్చును, ఆయుర్దాయమును కలిపి తూచుట ఈ విద్యలో నొక ముఖ్యాంశము. ధవళేశ్వరము దానికి మనకు దొరకిన పెద్దపాఠము.

నాగార్జునసాగరము సంగతి వేరు. 1955 డిసెంబరు 10న జవాహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను కాంక్రీటుతో గాక రాతికట్టుబడితో లేపిరి. ఎత్తు 124 మీటర్లు. కాంక్రీటు ఆనకట్టకు భారీ యంత్రములు కావలెను. ఆనాడు వాటికి విదేశమారకద్రవ్యము కావలెను. అది దేశమున మిక్కిలి కొరతగా నుండెను. నల్లరాయి దగ్గరనున్నది, కూలిపని కొరకు జనము వేలకొలది వచ్చిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. నీటిని నిలుపుటయను ముఖ్యమైన పనితోపాటు, వేలమందికి బ్రతుకు తెరువు చూపుట అను మరియొక పనిని కూడ ఆ కట్టుబడి చేసినది. అదే చోట నేడు కట్టవలసివచ్చినచో ఇంజనీర్లు అదే నిర్ణయము చేయుదురని అనుకొనరాదు. సిమెంటు, యంత్రములు, కూలిరేట్లు, కాలము, అన్నియు మారినవి. విలువ అనునది దేశకాలములనుబట్టి మారునది. ఒకచోటి జవాబును ఇంకొకచోటికి ఎత్తుకొనిపోవుట ఈ విద్యకు విరుద్ధము. ఎత్తుకొనిపోదగినది ప్రశ్న మాత్రమే.

పెద్ద ఆనకట్టలనుండి ఇంటికప్పునకు దిగుదము. శ్లాబు కాంక్రీటుతో పోయుదుము గదా. దానిమీద బరువు పడినప్పుడు పైభాగము నొక్కుడునకు, క్రిందిభాగము సాగుడునకు లోనగును. కాంక్రీటు నొక్కుడును చక్కగా ఓర్చును, సాగుడును ఓర్వలేదు. అందుచేత క్రింద ఇనుప కడ్డీలు పెట్టి సాగుడు పనిని వానికి అప్పగింతుము. అట్లైనచో కడ్డీల నడుమనున్న క్రింది కాంక్రీటు చేయు పని యేమి? కడ్డీలను పట్టియుంచుట, తుప్పు పట్టకుండ కాపాడుట. కడ్డీకిని కడ్డీకిని నడుమ ఖాళీలోనున్న కాంక్రీటు మాత్రము బరువు మోయుటలో పాలుపంచుకొనదు. పైగా తానే ఒక బరువు. ఆ ఖాళీలలో మంగళూరు పెంకులవంటి తేలిక వస్తువును పెట్టి పోత పోసినచో, సిమెంటు తగ్గును, శ్లాబు బరువు తగ్గును, ఎండ వేడిమియు కొంత తగ్గును. దీనిని ఫిల్లరు శ్లాబు అందురు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామున 1917లో పుట్టి, మన దేశమునకు వచ్చి, తిరువనంతపురమున స్థిరపడి 2007లో కన్నుమూసిన లారీ బేకరు ఈ కప్పును కేరళలో విరివిగా వ్యాప్తిచేసెను. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ వచ్చునట్లు కట్టు ర్యాట్‌ట్రాప్ కట్టుబడిని కూడ ఆయన ప్రచారము చేసెను. అందువలన ఇటుకలు సుమారు నాలుగవవంతు కలిసివచ్చును. బేకరు తన పనిని వాల్యూ ఇంజనీరింగు అని పిలిచెనో లేదో మనకు అనవసరము. ఏ ఇటుక ఏమి పని చేయుచున్నదో ఆయన అడుగకుండ విడువలేదు.

అయితే బేకరు ఇంటిని చూచివచ్చి కోనసీమలో ఉన్నదున్నట్లు కట్టుదమని బయలుదేరువారికి ఒక మాట చెప్పవలసియున్నది. కప్పు చేయు పని యేమి యని అడిగిన, ఎండవాన లాపుట అని చెప్పుదురు. సముద్రతీరమున దానికి ఇంకొక పని కలదు. గాలివానలో కప్పును గాలి పైకి లాగును. అప్పుడు గోడలను పట్టుకొని లేవకుండ నిలుచుట కప్పు పని. సంవత్సరములకు సంవత్సరములు ఆ పని యెవ్వరికిని కనబడదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని ఉప్పెన పొట్టనబెట్టుకొన్న రాత్రి తెలిసివచ్చిన పనులలో అదియు నొకటి. కనుక తీరప్రాంతమున గోడలనైనను, కప్పునైనను పలుచన చేయుటకు ముందు ఇంజనీరుచేత గాలి ఒత్తిడికి లెక్క కట్టింపవలెను.

ఆ ఉప్పెన తరువాత కోస్తా గ్రామములలో తుపాను రక్షణ గృహములు కట్టిరి. వానిని కట్టిన తీరు మాకు విలువ విద్యకు మంచి ఉదాహరణముగా తోచుచున్నది. తుపాను రోజులు ఏడాదికి ఎన్ని? మిగిలిన రోజులు ఆ గృహము తాళము వేసి యుండినచో, తలుపులు తుప్పుపట్టి, గోడలు బీటలువారి, అవసరపు రాత్రికి అక్కరకు రాకపోవును. అందుచేత అనేక గ్రామములలో దానినే బడిగనో, సమావేశ మందిరముగనో వాడునట్లు చేసిరి. దినదినము ఊడ్చు ఇల్లు చెడదు. పిల్లలు రోజు పోయివచ్చు మెట్లు తుపాను రాత్రి చీకటిలో తల్లులకు క్రొత్తగా నుండవు. ఒక వెలకు రెండు పనులు దొరికినవి. పైగా ఒక పని రెండవదానిని కాపాడుచున్నది.

ఇంతవరకు చెప్పినది ఈ విద్య మంచిపేరు. దీనికొక చెడ్డపేరు కూడ కలదు. ఇంజనీర్ల నడుమ వాల్యూ ఇంజనీరింగు అన్నమాట వినబడగానే, ఇంకేముంది, నాసిరకపు సరుకు వచ్చినదని నవ్వుకొనువారున్నారు. ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. కొట్టివేతల కలమునకే ఈ గౌరవనామము తగిలించి నడుపుట అనేక దేశములలో పరిపాటియైనది.

లండను నగరమున నార్త్ కెన్సింగ్టన్ ప్రాంతములో 1970వ దశకమున కట్టిన గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల నివాస భవనముండెను. అందలివారు ఎక్కువమంది సామాన్య కుటుంబీకులు. 2016లో ముగిసిన మరమ్మతులలో, చలికి ఓర్చుటకును, చూపునకును, భవనమునకు వెలుపల పలకల తొడుగు వేసిరి. మొదట తలపెట్టినవి జింకు పలకలు. ఖర్చు తగ్గించు ప్రయత్నములలో, వాల్యూ ఇంజనీరింగు అను పేరనే, వానికి బదులు రెండు పలుచని అల్యూమినియము రేకుల నడుమ పాలిథీన్ కూరిన పలకలను ఎన్నుకొనిరి. ఈ మార్పువలన కలిసివచ్చునని వ్రాసికొన్నది సుమారు 2,93,000 పౌండ్లు. 2017 జూన్ 14న, తెల్లవారకముందే, నాలుగవ అంతస్తులోని వంటింట ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టెను. కిటికీగుండ వెలుపలికి వచ్చిన మంట, ఆ తొడుగును పట్టుకొని, అరగంటలోపల భవనపు శిఖరమును చేరెను. 72 మంది మరణించిరి.

న్యాయమూర్తి మార్టిన్ మూర్-బిక్ అధ్యక్షతన జరిగిన విచారణ తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వెలువడినది. దోషము ఒక్కరిది కాదని అది చెప్పినది: దశాబ్దములు ఉపేక్షించిన ప్రభుత్వములు, తమ సరుకు గుణమును దాచిన తయారీదారులు, పరీక్షింపవలసి యుండియు పరీక్షింపని నిపుణులు. కేవలము పలకల మార్పువలననే ఈ ఘోరము జరిగినదనుట తొందరపాటగును. కాని విలువ విద్య దృష్టితో ఆ మార్పును చూచినచో ఒక సంగతి కొట్టవచ్చినట్లు కనబడును. భవనపు తొడుగు చేయవలసిన పనుల పట్టిక వ్రాసియుండినచో, చలిని ఆపుట, వానను ఆపుట, కంటికి ఇంపుగా నుండుట అను వానితోపాటు, మంటను ఎగబ్రాకనీయకుండుట అను నాలుగవ పని అందులో నుండవలెను. ధర కట్టిన బల్లదగ్గర ఆ నాలుగవ పని పేరెత్తి, క్రొత్త పలక దానిని నెరవేర్చునా అని పట్టుబట్టి అడిగి తేల్చుకొన్నవారు లేకపోయిరి. మైల్స్ కథలో కాగితము నిప్పును ఆపునా అని తేల్చుకొన్న పిదపనే వెల మాట వచ్చినది. ఇచ్చట వెల మాట మొదట వచ్చినది. రెంటికిని పేరొక్కటే. 2018లో ఇంగ్లండులో 18 మీటర్లు మించిన నివాస భవనముల వెలుపలి గోడలకు మండు వస్తువులను నిషేధించిరి.

అట్టి మోసమునకు ఒప్పందములోనే అడ్డు వేయవచ్చునా? కొంతవరకు వేయవచ్చును. అమెరికా కేంద్రప్రభుత్వ కట్టడములలో, నిర్ణీత ధరకు ఒప్పుకొన్న గుత్తేదారుడు పని చెడకుండ ఖర్చు తగ్గించు ఉపాయము చెప్పినచో, మిగిలిన సొమ్ములో నూటికి 55 వంతులు వానికిచ్చి, 45 వంతులు ప్రభుత్వము ఉంచుకొను పద్ధతి కలదు. ఆశ చూపుట మంచిదే, కాని ఆశకు కళ్లెము కూడ కావలెను. సలహా ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్యయైన ఫిడిక్ 1999లో ప్రకటించిన ఒప్పందపు నమూనాలో ఆ కళ్లెము ఉన్నది. కాంట్రాక్టరు సూచనవలన ఒప్పందపు మొత్తము ఎంత తగ్గునో ఒకవైపు వ్రాయుదురు. ఆ మార్పువలన కట్టడపు నాణ్యముగాని, ఆయువుగాని, పనితీరుగాని తగ్గి యజమానికి ఎంత నష్టము కలుగునో రెండవవైపు వ్రాయుదురు. మొదటిదానినుండి రెండవది తీసివేయగా మిగిలినదానిలో సగము కాంట్రాక్టరునకు. మాటవరుసకు, ఖర్చు 20 లక్షలు తగ్గి, ఆయువు తగ్గుటవలన నష్టము 8 లక్షలైనచో, మిగిలిన 12 లక్షలలో 6 లక్షలు వానికి ముట్టును. నష్టము 25 లక్షలైనచో ఏమియు ముట్టదు. వెలకొక గడి, విలువకొక గడి. రెండవ గడిని నింపువారు నిజాయితీపరులై యుండవలెననుట వేరుగా చెప్పనక్కరలేదు; ఏ కాగితమును ఆ పని తాను చేయజాలదు.

ఇక అరుగుమీద మనము విడిచివచ్చిన యజమానిని, మేస్త్రిని చూతము. వారి కొట్టివేతల పట్టికనే తీసికొని, ప్రతి అంశము చేయు పనిని ప్రక్కన వ్రాసినచో, పట్టిక రూపు మారును.

పునాది మట్టము పని వాననీటిని లోనికి రానీయకుండుట. మన పట్టణములలో రోడ్డు వేసినప్పుడెల్ల పాతదానిపై క్రొత్త పొర పడుచున్నందున, పదునైదేండ్లలో వీధి లేచును, ఇల్లు దిగును. నేడు ఒక అడుగు తగ్గించినవారు రేపు ఇంటి ముందర ఇసుకబస్తాలు పేర్చుకొనవలసివచ్చును. ఆ కొట్టివేతను చెరిపి, అడుగును మరల వ్రాసికొనుడు. సజ్జ పని కిటికీనుండి వానను, పడమటి ఎండను ఆపుట. దక్షిణపు, పడమటి కిటికీలకు తగ్గించుట తగదు, ఉత్తరపు వైపు కొంత తగ్గించినను నష్టము స్వల్పము. శ్లాబులోని ఇనుమును లెక్క కట్టిన ఇంజనీరు తప్ప మరెవ్వరును ముట్టరాదు. ఇనుము క్రింద పెట్టు కవరు బిళ్లలు వెలకు పైసలు. కడ్డీని తుప్పునుండి కాచుట వాని పని. పోత పోసిన తరువాత నీరు పట్టుట మామూలు సిమెంటునకు ఏడు దినములకు తగ్గరాదని, బూడిద కలిపిన సిమెంటులకు పది దినములకు తగ్గరాదని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. నీటి ట్యాంకరు ఖర్చనో, పండుగ వచ్చినదనో మూడవనాడే మానివేయువారిని మేమెరుగుదుము.

మరి తగ్గించుట ఎచ్చట? స్తంభములు, దూలములు కట్టి పోసిన ఇంటిలో లోపలి గోడలు బరువు మోయవు. గదిని గదినుండి వేరుచేయుటయే వాని పని. దానికి తొమ్మిదంగుళముల గోడ యక్కరలేదు, నాలుగున్నర చాలును. ఇటుక తగ్గును, స్థలము పెరుగును, దూలముమీద బరువు తగ్గును. అయితే ఈ మాట గోడలే బరువు మోయు పాతపద్ధతి ఇండ్లకు చెల్లదు; అచ్చట గోడ తగ్గించుట కప్పును తగ్గించుటయే. వంటిల్లును స్నానపు గదియు ఒకే గోడకు ఇటునటు ఉండునట్లు నక్షా గీయించినచో గొట్టముల పొడవు సగమునకు వచ్చును, రేపు కారినప్పుడు వెదకు చోటును ఒక్కటే యగును. ఎవ్వరును కూర్చుండని ముఖద్వారపు వసారాకు నాలుగు లావుపాటి కంబములు ఉన్నచో, అవి మోయుచున్నది కప్పునా, మన గొప్పనా అని అడుగవచ్చును. గొప్పనే మోయుచున్నవని తేలినచో, ఉంచుటయు తీయుటయు యజమాని ఇష్టము. రంగు రెండవ పూతను వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చును. పునాదిని వాయిదా వేయుట ఎవ్వరి తరము కాదు.

ఈ పట్టికను వ్రాయుటకు ముగ్గు పోయుటకు ముందటి వారము తగిన సమయము. ఆ కూటమిలో మేస్త్రియు ఇంజనీరును చాలరు. వంటింటిలో దినమునకు ఆరేడు గంటలు గడుపువారు, మెట్లెక్కలేని ముసలివారు కూడ కూర్చుండవలెను. మార్చిన ప్రతి అంశమునకు ఎదురుగా, ఏమి తీసివేసితిమి, దాని పనిని ఇక ఏది చేయును అని ఒక్కొక్క పంక్తి వ్రాసి, ఆ కాగితమును ఇంటి దస్తావేజులతోపాటు దాచుడు. ఇరువదియేండ్ల తరువాత మేడమీద మరియొక అంతస్తు వేయదలచిన మీ పిల్లల ఇంజనీరు మొట్టమొదట అడుగునది ఆ కాగితమునే.